ఎవరూ అడగని పువ్వు

మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల నికల్స్ ఆర్బొరీటమ్‌లో పియనీ తోట ఉంది. 1922లో డబ్ల్యూ. ఈ. అప్‌జాన్ ఇచ్చిన మొక్కలతో మొదలై, 1927లో జనానికి తెరిచారు. చాలావరకు పాతకాలపు రకాలు. కొన్నిటిని ఇప్పుడు అమ్మేవాళ్లే లేరు.

పియనీ గింజ నాటితే అచ్చం తల్లిలాంటి పువ్వు రాదు. దుంప విడదీసి నాటాలి. మన బంగినపల్లికి అంటు కట్టినట్టే. తరాల తరబడి ఎవరో ఒకరు పార పట్టుకుంటేనే ఆ రకం ఉంటుంది.

పట్టుకోకపోతే? ఎవరూ ఆకలితో చావరు. అంగట్లో కొత్త పియనీలు బోలెడు. అయినా వదిలేయడం తప్పేనంటాను. పువ్వుకి హక్కులున్నాయని కాదు (ఆ వాదన నాకెప్పుడూ ఎక్కలేదు). రేపు పుట్టేవాళ్లకి అది నచ్చుతుందో లేదో తేల్చే పని మనది కాదు కదా. లేనిదాన్ని వాళ్లు వద్దనుకోను కూడా లేరు.

జూన్‌లో జనం ఫోటోలకి ఎగబడతారు. నేను జులైలో కూడా వెళ్తాను. అప్పుడు ఆకులే ఉంటాయి.