ముందు తీసిన పిడికెడు

నేటి పఠనం: 1 రాజులు 17:8–24

వరంగల్‌లో విజయవాడ వైపు వెళ్ళే రైలెక్కితే కేసముద్రం, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. 2016లో జిల్లాలను విడదీసేదాకా అది వరంగల్ జిల్లా ఊరే. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌ను ఒకసారి చూసినవాళ్ళు మరచిపోరు. గుడి మంటపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, లోపల తెలుగు కీర్తనలు. 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమ తమిళుడు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ బాధ్యత అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

ఆయన సంఘం ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో పెరిగింది. డోర్నకల్ చుట్టుపక్కల అప్పుడు నిజాం ఏలుబడి. దొర పిలిస్తే వెట్టికి వెళ్ళాలి. తీరని అప్పు కింద కొడుకును జీతానికి పెట్టాలి. కూలి గింజల్లో కొలిచేవారు. వాన పడకపోతే ఆ గింజలూ లేవు. అలాంటి ఇళ్ళలో ఒక అలవాటు నాటుకుంది. వంటకు గింజలు తీసిన ఇల్లాలు, పొయ్యి మీద ఎసరు పెట్టే ముందే, అందులోంచి ఒక పిడికెడు వేరుగా తీసి దేవుని పాలుగా పక్కన పెట్టేది. వారం పొడుగునా పోగైనది ఆదివారం గుడికి చేరేది. కోతల పండుగ వస్తే గింజలతోపాటు కోళ్ళు, కూరగాయలు, గుడ్లు బలిపీఠం ముందుకు వచ్చేవి. పిడికెడు బియ్యం తీసే అలవాటు మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఇప్పటికీ ఉంది. పేదవాళ్ళు కదా అని వాళ్ళను ఇవ్వడం నుంచి తప్పించకూడదని అజరయ్య గట్టిగా నమ్మారు. క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరు గురించి పుస్తకమే రాశారు.

నన్ను ఆపి ఆలోచింపజేసేది ఆ పిడికెడు తీసిన వేళ. పిల్లలు తిన్నాక మిగిలింది కాదది. మిగులుతుందన్న ఆశ ఆ ఇంట్లో ఏ పూటా లేదు. మిగిలాక ఇద్దామనుకుంటే ఆ తల్లి జీవితాంతం ఇవ్వగలిగేది కాదు. అందుకే ముందే తీసింది.

ఇప్పుడు సారెపతు విధవరాలి దగ్గరికి వెళదాం. కరువు కాలం. కెరీతు వాగు ఎండిపోయి, ఏలీయా ఆకలితో ఆమె ఊరి గుమ్మం దగ్గరికి వచ్చాడు. దైవజనుడి వాగు కూడా ఎండిపోయిందన్న సంగతి దగ్గర కాసేపు ఆగండి. విశ్వాసం ఉన్నవాడికి కరువు తగలదని ఈ అధ్యాయం ఎక్కడా చెప్పదు. ఆ ప్రవక్త ఒక అన్యదేశపు బీదరాలి ముందు చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆమె దగ్గర తొట్టి అడుగున కాస్త పిండి, బుడ్డిలో కాస్త నూనె. తనకూ కొడుకుకూ అదే ఆఖరి పూట అనుకుని పుల్లలు ఏరుకుంటోంది. ఏలీయా అడిగిందల్లా ముందుగా తనకొక చిన్న రొట్టె చేసి తెమ్మని. ఆమె చేసింది. పిండి తరగలేదు, నూనె అయిపోలేదు.

ఈ అద్భుతాన్ని మనం తరచుగా పెద్దది చేసి చెప్పుకుంటాం. నిజానికి తొట్టి నిండిందని వాక్యంలో లేదు. గాదెలు పొంగలేదు, అంగడిలో అమ్ముకునేంత నూనె రాలేదు. బహుశా మరునాడూ ఆమె తొట్టి అడుగునే చేత్తో తడిమి ఉంటుంది. ఆ పూటకు సరిపడా దొరికి ఉంటుంది. ఆ తర్వాతి రోజూ అంతే. పైగా అదే అధ్యాయంలో, అదే ఇంట్లో, ఆ కొడుకు జబ్బుపడి ఊపిరి విడిచాడు. ప్రవక్తకు అన్నం పెట్టిన ఇల్లే అది. ఆమె ఏలీయాను నిలదీసింది. ఏలీయా దేవుణ్ణి నిలదీశాడు. దేవుడు ఆ మొరకు కోపగించలేదు, విని ఆ బిడ్డను బ్రతికించాడు. అందుకే పిడికెడు తీసి, బదులుగా కష్టం రాకూడదని దేవునితో బేరం పెట్టే బోధను నేను ఒప్పుకోను. ఇంత ఇస్తే అంత వస్తుందని సారెపతును చూపించి బీదల చేతిలోది లాగేవాళ్ళను అసలే ఒప్పుకోను. ఏలీయా అడిగింది చిన్న రొట్టె. అడిగేటప్పుడు భయపడవద్దని కూడా చెప్పాడు.

మన ఓరుగల్లులో ఈ ఉదయం కూడా తొట్టి తడుముకుంటున్నవాళ్ళు ఉన్నారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల పక్కన ధర కోసం కూర్చున్న కౌలు రైతు ఉన్నాడు. ఎంజీఎం ఆసుపత్రి వరండాలో దుప్పటి పరచుకుని రాత్రి గడిపిన తల్లి ఉంది. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసినప్పుడు, జనం ఇళ్ళ కప్పుల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. నీళ్ళు దిగాక కొట్టుకుపోయిన గింజలకు లెక్క ఎవరు చెప్పగలరు? అలాంటి రోజున పిడికెడు తీయడానికి బియ్యమే ఉండదు. ఆ రోజు ఇతరులు ముందు తీసి ఉంచిన పిడికెడును సిగ్గుపడకుండా అందుకోవాలి. ఏలీయా అందుకోలేదా?

బియ్యం ఒక్కటే కాదు గదా మన తొట్టిలో ఉండేది. ఆసుపత్రి వార్డులో పక్క మంచం వాళ్ళ మనిషి మందుల కోసం పరుగెత్తినప్పుడు, వాళ్ళ సెలైన్ సీసా మీద కన్ను వేసి ఉంచడం ఒక పిడికెడు. మన రోగి కుదుటపడ్డాక చేద్దామనుకుంటే ఆ సమయం దాటిపోతుంది. ఫోను తెరిచి అప్పులవాళ్ళ మెసేజ్‌లు చూడకముందే ఒక కీర్తన చదువుకోవడం మరో పిడికెడు. డోర్నకల్ పల్లెల్లో అక్షరం రానివాళ్ళు పొద్దంతా పొలంలో వంగి పనిచేసి, పొద్దుగూకాక ఉపదేశి చుట్టూ కూర్చుని పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, కీర్తనలు నోటికి నేర్చుకున్నారు. అలసట తీరాక కూర్చుందామని వాళ్ళు అనుకోలేదు. వాళ్ళ అలసట ఏ సాయంత్రమూ తీరేది కాదు.

ఈ రోజు మీ దగ్గర తక్కువగా ఉన్నది ఏమిటో చూసుకోండి. డబ్బా, నిద్రా, ఓపికా, మంచి మాటా? దాన్నుంచే, మీ పని మొదలుపెట్టకముందే, ఒకరి కోసం కొంచెం తీయండి. ఎవరి కోసమో పేరు పెట్టుకోండి.

ప్రార్థన: తండ్రీ, మా తొట్టి అడుగు నీకు కనబడుతూనే ఉంది. ధర రాక మార్కెట్లో కూర్చున్నవారిని, ఆసుపత్రి వరండాల్లో తెల్లవారినవారిని, వానొస్తే వాగు వైపు చూసి భయపడే ఊళ్ళను ఈ పూట పోషించు. నిన్ను నిలదీసే మా మాటలు కూడా విను. అడిగినవారికి చిన్న రొట్టె చేసిచ్చే ధైర్యం మాకివ్వు. మాకే అక్కర పడినప్పుడు చెయ్యి చాచే వినయమూ ఇవ్వు. యేసు నామమున అడుగుతున్నాము. ఆమేన్.