శనివారం లేక్‌కి వెళ్లే ముందు

అబ్బాయ్, ఈ శనివారం ఫ్రెండ్సంతా కలిసి లేక్ లేనియర్‌లో పాంటూన్ బోటు అద్దెకు తీసుకుంటున్నారట, మీ పిన్ని చెప్పింది. వెళ్లండి. సెమిస్టరంతా పుస్తకాలతో కుస్తీ పట్టారు, ఆ మాత్రం సరదా ఉండాల్సిందే. బయల్దేరే ముందు ఈ బాబాయి చెప్పే నాలుగు మాటలు చెవిన వేసుకో.

చూడ్డానికి చెరువులా ఎంతో నెమ్మదిగా ఉంటుంది. కానీ అది 1950ల్లో చట్టహూచీ నదికి బ్యూఫర్డ్ దగ్గర డ్యామ్ కట్టి నింపిన రిజర్వాయరు. అడుగునున్నవి కొండవాలులు, లోయలు. నడుముల్లోతే కదా అని ఇంకో రెండడుగులు వేస్తే కాలికి నేల అందకపోవచ్చు.

జార్జియాలో 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మోటారు బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసై ఉండాలి. మీ బ్యాచంతా దాదాపు ఆ లెక్కలోకే వస్తారు. ఆన్‌లైన్లోనే అయిపోతుంది, ఈ వారమే కూర్చుని చేసెయ్. కారు నడపడం వచ్చు కదా అని స్టీరింగ్ పట్టుకోవద్దు, బోటుకు బ్రేకులుండవు. ఇంకో బోటుకో, డాకుకో, ఈదేవాళ్లకో వంద అడుగుల లోపుకి వస్తే అల లేవనంత నెమ్మదిగా పోవాలి. నడిపేవాడు ఆ రోజు బీరు ముట్టకూడదు. రక్తంలో ఆల్కహాలు 0.08కి చేరితే నేరమే. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ కేసు ఎంత దూరం పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మనిషికొకటి చొప్పున లైఫ్ జాకెట్లు బోటులో ఉండాలంటుంది చట్టం. పదమూడేళ్లలోపు పిల్లలైతే బోటు కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. మీ వయసువాళ్లను వేసుకోమని అది పట్టుబట్టదు, నేను పట్టుబడుతున్నాను. అద్దె బోటులో జాకెట్లు సీటు కింద పెట్టెలో పడుంటాయి. దానిమీద మీ కూలరు, బ్యాగులు, బిర్యానీ ట్రే. మనిషి నీళ్లలో పడ్డాక అవన్నీ జరిపి మూత తీసే టైమెక్కడిది? డాకు దగ్గరే అందరూ తొడుక్కోండి. బకిళ్లు పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొచ్చేస్తే అది మీ సైజు కాదు, మార్చి ఇమ్మనండి. ఇక్కడి కోస్ట్ గార్డ్ లెక్కల్లో బోటు ప్రమాదాల్లో మునిగి పోయినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగినప్పుడు బతికి బయటపడ్డవాళ్లలో చాలామందిని తేల్చింది కూడా ఒంటిమీదున్న జాకెట్లే.

మన పిల్లల్లో చాలామందికి ఈత రాదు. ఒకడు పడితే వాడికోసం రెండోవాడు దూకేస్తాడేమోనని నా భయం. స్నేహితుడు కళ్లముందు మునుగుతుంటే చేతులు కట్టుకుని నిలబడలేరు, మీ మనసు నాకు తెలుసు. కానీ మునిగేవాడు ఆ కంగారులో దొరికినవాణ్ణి పట్టుకుని కిందికి తొక్కేస్తాడు. అందుకని దూకొద్దు. విసరడానికే పెట్టిన చదరపు దిండొకటి బోటులో ఉంటుంది. ఎక్కగానే అదెక్కడుందో అందరికీ చూపించు. ముందు ఇంజను ఆపు, దాన్ని విసురు, 911కి ఫోన్ చెయ్.

ఇంజను నడుస్తుండగా వెనక నిచ్చెన దగ్గర ఎవరూ ఈదకూడదు. ప్రొపెల్లర్ ప్రమాదం అందరికీ తెలిసిందే. అక్కడ చేరే కార్బన్ మోనాక్సైడుకు మాత్రం రంగూ ఉండదు, వాసనా ఉండదు. డాకుల దగ్గర కూడా దిగొద్దు, కరెంటు లీకైతే నీళ్లలో కాళ్లూ చేతులూ పనిచెయ్యవు. ఉరుము వినబడిందంటే, కట్టిన డబ్బుకు ఇంకా రెండు గంటలు మిగిలున్నా సరే, ఒడ్డుకు వచ్చెయ్యండి.

ఏ మెరీనా నుంచి బయల్దేరుతున్నారు, ఎంతమంది, ఎన్నింటికి తిరిగొస్తారు, ఈ మూడూ నాకు మెసేజ్ పెట్టు. ఒడ్డెక్కగానే ఒక్క ఫోన్ కొట్టు, మర్చిపోకు నాయనా.