ఓటు ఏ ఊరిది?

పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచిన మనిషికి రెండు ఊళ్లుంటాయి. ఒకటి పుట్టిన ఊరు, రెండవది బతుకు గడుస్తున్న ఊరు. మమకారాన్ని రెండింటికీ పంచవచ్చు. ఓటు మాత్రం ఒక్కటే. దానిని ఏ ఊరికి ఇవ్వడం ధర్మమన్న ప్రశ్న బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు.

బిలాస్‌పూర్‌ను పెద్ద కూడలిగా మలచినది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1931లో పార్వతీపురం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో విజయనగరం ప్రాంతానికీ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కళాసీలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు ఈ మార్గాల వెంట కాపురాలు పెట్టారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమయింది.

ఇలా వచ్చినవారు ఓటును స్వగ్రామంలోనే ఉంచుకోవాలని కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ ఇల్లుంది, కొద్దో గొప్పో భూమి ఉంది, వృద్ధులైన తల్లిదండ్రులున్నారు. ఓటు ఉన్నవాడి మాటకే ఊళ్లో విలువ. పైగా ఏ పక్షం వైపు మొగ్గాలన్నది అక్కడ పలు ఇళ్లలో తాతల నాడే స్థిరపడి ఉంటుంది. పేరు తీయించుకోవడమంటే కుటుంబంతో తెగతెంపులు చేసుకున్నట్లు భావించేవారూ లేకపోలేదు.

అయితే పోలింగు నాడు రైళ్లు ఆగవు. సెలవు దొరకాలి, టికెట్టు దొరకాలి, రానుపోను రెండు మూడు రోజుల జీతం వదులుకోవాలి. ఆ ఖర్చు ఎవరైనా భరిస్తామంటే, భరించినవాడు ఓటు అడగక మానడు. అభ్యర్థి తరఫున ఓటర్లకు ఉచితంగా వాహనం సమకూర్చడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతి చర్యగా పరిగణించడానికి కారణమిదే. వెళ్లలేనివాడు అక్కడ గైర్హాజరవుతాడు. ఇక్కడి జాబితాలో అతనికి పేరే ఉండదు. పోలింగు శాతం తగ్గినప్పుడు దానిని ఉదాసీనత అనడం సులభం. ఆ అంకెలో ఇటువంటి దూరాలు కూడా ఇమిడి ఉన్నాయన్నది విస్మరించరాదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకే వ్యక్తి రెండు నియోజకవర్గాలలో నమోదు కారాదు. సాధారణ నివాసమే నమోదుకు ఆధారం. సొంత ఇల్లున్నంత మాత్రాన ఆ ఊరి నివాసి కాడు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. అంటే పంట కాలానికి వలసవెళ్లి తిరిగివచ్చే కూలీ వేరు, ముప్పై ఏళ్లు క్వార్టర్లలో కాపురముండి పిల్లలను ఇక్కడే చదివించిన ఉద్యోగి వేరు.

ఇల్లు ఆధారం కాదనడం వెనుక పెద్ద చరిత్ర ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి 1937 మద్రాసు శాసనసభ ఎన్నికలలో బొబ్బిలి స్థానంలో బొబ్బిలి రాజాను ఓడించారు. ఆ విజయం చిరస్మరణీయమే. కాని నాటి ఓటు హక్కు ఆస్తి, పన్ను, విద్య వంటి అర్హతలకు కట్టుబడినది. శ్రామికులలో అత్యధికులకు అది అందలేదు. రాజ్యాంగం 326వ అధికరణం ఆ ముడిని తెంచి, వయోజనులందరికీ ఓటునిచ్చింది. ఊళ్లో ఇల్లుంది కనుక ఓటూ అక్కడే ఉండాలని వాదించేవారు తెలియకుండానే ఆ పాత ముడిని మళ్లీ వేస్తున్నారు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. 2010 చట్టసవరణతో విదేశాలలో ఉంటున్న భారత పౌరుడు పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామాలో నమోదు కావచ్చు. దుబాయిలో ఉన్నవానికి స్వగ్రామంలో ఓటుండగా, బిలాస్‌పూర్‌లో ఉన్నవానికి ఎందుకు కాదు? ఈ వాదన మొదట న్యాయంగానే తోస్తుంది. కాని దుబాయిలో అతనికి ఓటు లేదు. స్వగ్రామంలో లేకపోతే ఎక్కడా లేదు. బిలాస్‌పూర్‌లో ఆ లోటు లేదు. దేశంలోని వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2022లో ప్రతిపాదించిన దూర ఓటింగు యంత్రం ఒకేచోట 72 నియోజకవర్గాల ఓట్లు స్వీకరించేలా రూపొందింది. తిరిగి వెళ్లే వలసకూలీకి అటువంటి ఏర్పాటు ఎంతో అవసరం. స్థిరపడినవానికి కావలసినది యంత్రం కాదు, నిర్ణయం.

ఆ నిర్ణయానికి నమూనా రైల్వే ఉద్యోగుల జీవితంలోనే ఉంది. 2007, 2013, 2024 సంవత్సరాలలో యూనియన్ల గుర్తింపునకు రహస్య ఓటింగు జరిగింది. అక్కడ ఎవరి స్వగ్రామమేదని ఎవరూ అడగలేదు. పనిచేసే చోటి కష్టనష్టాలు పంచుకునేవారే ఓటర్లు. మంచినీరు, మురుగు కాలువ, పిల్లల బడి విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది. ఒక ప్రతినిధి నిర్ణయాల ఫలితాన్ని నిత్యం అనుభవించేవారికే అతనిని నిలదీసే హక్కూ, బాధ్యతా ఉంటాయి.

ఇందులో అధికారుల పాత్ర తక్కువది కాదు. బదిలీ అయి వచ్చిన ప్రతి కుటుంబానికీ నమోదు పత్రం అందాలి. భాష రానివారికి దానిని చదివి చెప్పాలి. తెలుగువారంతా ఒకే పక్షమని ముందే లెక్కకట్టడం కూడా తగదు. స్వగ్రామంలో వంశం మొగ్గును నిర్ణయించినట్లే ఇక్కడ భాష నిర్ణయిస్తే, ఊరు మారినా మనిషికి స్వేచ్ఛ లభించలేదనే అర్థం. పుట్టిన ఊరి రుణం డబ్బుతో, రాకపోకలతో, ఆపదలో అండగా నిలవడంతో తీర్చుకోవచ్చు. బతికే ఊరి రుణం తీర్చడానికి ఓటును మించిన సాధనం లేదు.