పండుగ తిథి, ప్రభుత్వ సెలవు: మలేషియా తెలుగువారి ఉగాది

పండుగను రాజ్యం అధికారికంగా గుర్తించినంత మాత్రాన దానికి పవిత్రత చేకూరదనీ, గుర్తించకపోయినంత మాత్రాన ఉన్న పవిత్రత తరిగిపోదనీ శ్రద్ధ గల ఏ హిందువైనా ఒప్పుకుంటాడు. అయినా ప్రవాస సమాజాలు తమ పండుగకు సెలవు కావాలని తరతరాలుగా అడుగుతూనే ఉన్నాయి కనుక, ఆ కోరికలో ధర్మానికి సంబంధించిన అంశం ఏమైనా ఉందా, లేక అది కేవలం జాతి గౌరవానికి సంబంధించిన విషయమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. మలేషియాలో సెలంగోర్ రాష్ట్రపు పశ్చిమ తీరాన ఉన్న కౌలా సెలంగోర్ జిల్లాను దృష్టిలో ఉంచుకుంటే ఈ ప్రశ్న స్పష్టమైన రూపం దాలుస్తుంది. సరవాక్ మినహా దేశమంతటా దీపావళి సెలవుదినం. తమిళుల మురుగన్ పండుగ తైపూసం సెలంగోర్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో సెలవుదినం. తెలుగువారి సంవత్సరాది మాత్రం ఆ జాబితాలో లేదు.

కౌలా సెలంగోర్ జిల్లాలోని టెన్నమారం ఎస్టేట్‌లో 1917లో ఫ్రెంచి తోటల యజమాని హెన్రీ ఫొకొనియే వేసిన పామాయిల్ తోట ఆ దేశంలో వాణిజ్య స్థాయిలో మొదటిదిగా పేరుపొందింది. రబ్బరు తోటల కోసం, తర్వాత పామాయిల్ తోటల కోసం మలయాకు రప్పించిన శ్రామికుల్లో తమిళులు అత్యధికులైతే, విశాఖపట్నం, శ్రీకాకుళం, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు చిన్న భాగం. కూలీలను తమ ఊళ్ల నుంచే సమీకరించి తెచ్చే మేస్త్రీని అక్కడ కంగాణీ అనేవారు. నైపుణ్యం లేని కూలీల ప్రోత్సాహక వలసను 1938లో భారత ప్రభుత్వం నిషేధించే వరకు ఈ రాకపోకలు సాగాయి. ఎస్టేట్ పనిరోజును యజమాని గంట నిర్ణయించేది గనుక, ఆ కార్మికుడికి పంచాంగం కంటే ముందుగా తెలిసిన కాలం పని కాలమే.

ధర్మశాస్త్రం కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని మూడుగా విభజిస్తుంది. సంధ్యావందనం వంటి రోజువారీ విధి నిత్యం. ఫలాన్ని కోరి చేసేది కామ్యం. గ్రహణం, పుత్రజననం వంటి ఏదో ఒక నిమిత్తం ఏర్పడినప్పుడు చేయవలసినది నైమిత్తికం. పర్వదినాలను ఏ తరగతిలో చేర్చాలన్న దానిపై వాదాలున్నా, వాటిలోని విధులు నియత కాలానికి కట్టుబడినవన్న విషయంలో భేదం లేదు. మీమాంసకులు దేశం, కాలం, నిమిత్తం, ఫలం, సంస్కార్యం అనే ఐదింటిని అనుపాదేయాలుగా, అంటే మనిషి తన ప్రయత్నంతో సంపాదించలేనివిగా లెక్కించారు. పూజకు కావలసిన పువ్వులను కర్త సమకూర్చుకోవచ్చు గానీ చైత్ర శుద్ధ పాడ్యమిని సమకూర్చుకోలేడు. అది వచ్చినప్పుడు అతడు అక్కడ ఉండాలి. తైలాభ్యంగనం, నింబకుసుమ భక్షణం, పంచాంగ శ్రవణం ఆ పాడ్యమి నాటి విధులు. విదేశాల్లోని తెలుగు సంఘాలు సమీపంలోని ఆదివారం నాడు ఏర్పాటుచేసే ఉగాది కార్యక్రమాలు భాషకూ బంధుత్వానికీ ఎంతో మేలు చేస్తాయి, వాటిని తక్కువ చేయవలసిన పని లేదు. కానీ అవి ఉత్సవాలే తప్ప పాడ్యమి విధికి బదులు కావు.

సెలవు కోరిక ధర్మ విషయంగా మారేది ఇక్కడే. రాజ్యం పవిత్రతను ఇవ్వలేదు, ఇవ్వనక్కరలేదు. అది ఇవ్వగలిగినదల్లా మనిషిని తన తిథికి విడిచిపెట్టడమే. సొంత దుకాణం ఉన్నవాడు ఆ రోజు తలుపు మూసుకోగలడు, పెద్ద ఉద్యోగి వార్షిక సెలవు పెట్టుకోగలడు. గెలల లెక్కన కూలి అందుకునే తోట కార్మికుడు ఆ ఉదయం తన వేతనాన్నో విధినో వదులుకోవాలి. కాబట్టి అధికారిక గుర్తింపు ప్రధానంగా పేదవాడి ధర్మానికి కావలసిన రక్ష.

భూమధ్యరేఖకు దగ్గరగా, సుమారు మూడు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న కౌలా సెలంగోర్‌లో ఈ అవసరం మరింత ఎక్కువ. కృష్ణా తీరంలో వేప పూతా మామిడి పిందే చైత్రాన్ని ముందే చాటుతాయి. ఏడాది పొడవునా ఒకే వేడి, ఒకే పచ్చదనం ఉండే చోట వసంతం కంటికి కనబడదు. అక్కడ ఉగాది వచ్చిందని చెప్పగలవి రెండే: పురోహితుడి పంచాంగం, గోడమీది క్యాలెండర్. పాఠశాలకు వెళ్లే పిల్లవాడు చూసేది రెండో దానినే. అందులో తన పండుగ ఎర్ర అంకెగా లేకపోతే, అది తాతల నాటి ఇంటి అలవాటుగానే అతడికి మిగులుతుంది.

మలేషియా శ్రామిక చట్టం ఈ విషయంలో కొంత అవకాశమిస్తుంది. 1955 నాటి ఉద్యోగ చట్టం ప్రకారం కార్మికుడికి ఏటా 11 అధికారిక సెలవులు వేతనంతో దక్కాలి. వాటిలో జాతీయ దినం, రాజు జన్మదినం, రాష్ట్ర పాలకుడి జన్మదినం, కార్మిక దినం, మలేషియా దినం అనే ఐదు తప్పనిసరి. మిగిలిన ఆరింటిని యజమాని ఎంచుకుంటాడు, ఇరుపక్షాలూ అంగీకరిస్తే వాటిని వేరే రోజుకు మార్చుకోవచ్చు. అయితే ఒంటరి కార్మికుడు యజమానితో బేరమాడి ఒప్పించుకునే అంగీకారం ఎంత బలమైనదో తోటల చరిత్ర తెలిసినవారికి వివరించనక్కరలేదు.

గుర్తింపు ఎలా దక్కుతుందో కూడా చూడాలి. హిందూ హక్కుల కార్యాచరణ వేదిక హిండ్రాఫ్ పిలుపుపై 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లోకి వేలాది మంది భారతీయులు వచ్చిన తర్వాత, 2008 జనవరిలో ప్రధాని అబ్దుల్లా అహ్మద్ బదావి తైపూసాన్ని కౌలాలంపూర్, పుత్రజయలకు సెలవుదినంగా ప్రకటించారు. సెలంగోర్‌లోని బటు గుహల్లో 19వ శతాబ్దం చివరి నుంచే జరుగుతున్న ఆ ఉత్సవానికి పక్కనే ఉన్న రాజధానిలో గుర్తింపు రావడానికి అంతటి జన సమీకరణ జరగవలసి వచ్చింది. ఇచ్చిన గుర్తింపు నిలుస్తుందన్న భరోసా కూడా లేదు: సింగపూర్ 1968లో సెలవుల సంఖ్య తగ్గించినప్పుడు తైపూసం జాబితాలోంచి తొలగిపోయింది. తెలుగువారికి మరో చిక్కు ఉంది. రాజ్యం దృష్టిలో వారు భారతీయులు అనే ఒకే గంపగుత్త వర్గంలో చిన్న భాగం, ఆ వర్గానికి దీపావళి ఇచ్చేశామన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. మారిషస్ మాత్రం దీపావళి, తైపూసం, మహాశివరాత్రి, వినాయక చవితులతో పాటు ఉగాదినీ జాతీయ సెలవుల్లో చేర్చింది. అక్కడ తెలుగువారు స్వల్పసంఖ్యాకులే, అయినా ఆ దేశం వారిని తమిళుల్లోనో ఉత్తరాది హిందువుల్లోనో కలిపివేయలేదు; ఆ న్యాయబుద్ధి ప్రశంసనీయం.

ప్రతి సమూహానికీ ఒక సెలవు ఇస్తూ పోతే పని సాగదన్న ఆక్షేపణ తేలికైనది కాదు. దానికి సమాధానం మీమాంసలోని అధికారం అనే భావనలోనే దొరుకుతుంది. ఒక విధిని ఆచరించే అర్హతా బాధ్యతా ఎవరికి ఉన్నాయో వారే అధికారులు, ఆ విధి ఇతరులను బంధించదు. ఆ న్యాయాన్నే సెలవుకు అన్వయిస్తే, దేశమంతా మూసివేయకుండా, ఉగాది ఆచరించే ప్రతి కార్మికుడికీ విద్యార్థికీ వేతనం గానీ హాజరు గానీ తగ్గని సెలవు హక్కుగా ఇవ్వవచ్చు. దేశవ్యాప్త సెలవు లేకపోతే ఇరుగుపొరుగు మలయులు, చైనీయులు ఇంటికి వచ్చి పండుగ పంచుకునే మలేషియా సత్సంప్రదాయం దీపావళికి ఉన్నట్లుగా ఉగాదికి ఏర్పడకపోవచ్చు. అది నిజమైన లోటే. కానీ తిథి నాటి విధికి కావలసినది ముందు దక్కాలి.

ఈ హక్కును అడిగేవారు తేదీ విషయం మొదట తామే తేల్చుకోవాలి. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజే ఉగాది. రేఖాంశ భేదం వల్ల చైత్రమాసంలో కౌలా సెలంగోర్‌లో సూర్యుడు విజయవాడ కంటే సుమారు 80 నిమిషాల ముందు ఉదయిస్తాడు. ఆ వ్యవధిలో అమావాస్య ముగిసి పాడ్యమి ప్రవేశిస్తే, ఆంధ్రదేశంలో ఉగాది ఆ రోజూ మలేషియాలో మరుసటి రోజూ అవుతుంది. కాబట్టి విజయవాడ పంచాంగంలోని తేదీని యథాతథంగా ప్రభుత్వానికి అందజేస్తే సరిపోదు. పైగా 2029లో చైత్రమే అధికమాసంగా వస్తుంది. సంవత్సరారంభ విధులు అధిక చైత్రంలో చేయాలా, నిజ చైత్రంలో చేయాలా అన్న చర్చ నిర్ణయసింధు వంటి నిబంధన గ్రంథాల నాటిది. సెలవుల జాబితా ముందటి ఏడాదే సిద్ధమవుతుంది గనుక, మలేషియా తెలుగు సంఘం, ఆలయాల పురోహితులు, సిద్ధాంతులు స్థానిక సూర్యోదయాన్ని ఆధారం చేసుకుని కొన్నేళ్ల తేదీలను ఒకే మాటగా నిర్ణయించి సెలంగోర్ ప్రభుత్వం ముందు ఉంచవలసి ఉంటుంది.