గుమ్మం బయట చెప్పులు

మదనపల్లెలో గుమాస్తాగా చేరిన కొత్తలో, నా పక్కసీటాయన శుక్రవారం మధ్యాహ్నం టోపీ జేబులో పెట్టుకుని లేచేవాడు. "అన్నా, జుమ్మాకి పోయొస్తా, టపా చూసుకో." నేను అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ నా పేరే మరిచిపోయినట్టు "సామీ" అని పిలిచేవాడు. పొద్దున నా పూజ ముగిసేదాకా నా ఫైళ్లు ఆయన బల్ల మీదే ఉండేవి. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి కాగితమేమీ లేదు.

2025లో రంజాన్ నెలకు రెండు తెలుగు రాష్ట్రాలూ ముస్లిం ఉద్యోగులను గంట ముందే ఇంటికి పొమ్మన్నాయి. మరి నవరాత్రులకో అని కొందరు గొడవపడ్డారు. నాకది పెద్ద విషయంగా తోచలేదు. ఆ గంట పని పక్కసీటు మోస్తుంది, రేపు దాని పనీ ఇంకొకరు మోస్తారు.

నేను ఉద్యోగంలో చేరిన మదనపల్లెలోనే 1895లో తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, ఆచారపరుడు, పైగా దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. దొరల కచేరీలో ఆయన తన దేవుణ్ణి ఎక్కడ దాచుకునేవాడా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఆ కచేరీ గోడ మాత్రం ఆయనది కాదు.

గోడ మనదైతే ఏమవుతుందో నాకు పుంగనూరు ఆఫీసులో తెలిసొచ్చింది. ఆయుధపూజ. రిజిస్టర్లకు కుంకుమ, గుమ్మంలో పగలగొట్టిన గుమ్మడికాయ, లోపలంతా కర్పూరం పొగ. పింఛను కాగితం పట్టుకుని ఒక ముసలామె వచ్చింది, మెడలో శిలువ. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని లోపలికొచ్చింది. మేమందరం చెప్పులతోనే ఉన్నాం. ఆమె విడిచింది మా దేవుణ్ణి చూసి కాదు, మా చేతిలో పడబోయే తన కాగితాన్ని తలచుకుని. రాజ్యాంగం 25వ అధికరణం నాకిచ్చిన స్వేచ్ఛ ఆమెకూ ఇచ్చిందే. కాకపోతే బల్లకు ఇవతల కూర్చున్నది నేను.

తర్వాత కుప్పం బదిలీ. అక్కడ కిటికీ దగ్గరికి తమిళం మాట్లాడే రైతు వస్తే మన నాలుక తనంతట తనే తిరుగుతుంది, కన్నడమైతే ఇంకోవైపు. ఎవరూ చిన్నబుచ్చుకోరు. నాలుకలాగే పూజ కూడా వచ్చేవాళ్లను బట్టి కాస్త జరగొచ్చనిపించి, ఆ ఏడు ఆయుధపూజను సాయంత్రానికి జరుపుదామన్నాను.

"ఏం సార్, దేవుడికి కూడా ఆఫీసు టైమేనా?" అన్నాడు అటెండరు.

నాకు జవాబు తట్టలేదు. 5 గంటలు దాటి, ఆఖరి మనిషి కాగితం తీసుకుని వెళ్లాక, కిటికీ మూసి కర్పూరం వెలిగించాం.