ఇంట్లో సముద్రం పెట్టుకోవచ్చునా?

అందమైన ప్రాణిని దాని చోటునుంచి తెచ్చి మన కళ్ళెదుట పెట్టుకోవడం తప్పా, ఒప్పా అన్న ప్రశ్న కొత్తది కాదు. పంజరంలో చిలుకను పెంచిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎప్పుడో అడిగే ఉంటారు. అయితే సత్వాలోను, ఆ చుట్టుపక్కల పేటల్లోను కాపురముంటున్న మన కుటుంబాలకు ఇది వేరొక రూపంలో ఎదురవుతున్నది. మొక్కల దుకాణాలకూ పెంపుడు జంతువుల దుకాణాలకూ పేరుపడ్డ ప్లాంట్ స్ట్రీట్ మన పక్కనే ఉంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాను మన పిల్లలు ఇప్పటికీ చూస్తున్నారు. నారింజ రంగు మీద తెల్లచారలున్న ఆ చేప కావాలంటున్నారు. దానితోపాటు పగడపు జీవులు కూడా ఉంటే ఇంకా బాగుంటుందని పెద్దలకూ అనిపిస్తున్నది. మా ఇంట్లోనూ ఈ కోరిక వచ్చింది గనుక దీనిని గురించి కొంత చదివి, కొంత ఆలోచించి, నాకు తోచినది మన సభ్యుల ముందు పెడుతున్నాను.

పగడమంటే మనవాళ్ళకు ఉంగరంలో పొదిగే ఎర్రరాయి, కుజదోషానికి పరిహారం. వైద్యంలో అయితే ప్రవాళ భస్మం. నిజానికి అది రాయి కాదు, ఒక ప్రాణి కట్టుకున్న అస్థి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవి తన ఒంట్లో కంటికి కనిపించని నాచుకు చోటిస్తుంది. ఆ నాచు ఎండనుంచి ఆహారం తయారుచేసి అద్దెగా చెల్లిస్తుంది. నీరు ఎక్కువ వేడెక్కితే ఈ పొత్తు చెడిపోతుంది. నాచు వెళ్ళిపోయి, పగడం తెల్లబడి, ఆ స్థితి చాలాకాలం ఉంటే చనిపోతుంది. ఇంత సున్నితమైన కాపురాన్ని మనం హాల్లో సోఫా పక్కన పెట్టాలనుకుంటున్నామన్నమాట.

పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇక్కడి కుళాయి నీరు చాలావరకు సముద్రపు నీటినుంచి ఉప్పు తీసివేసి తయారుచేసినదే. ఆ నీటిని మరోసారి శుద్ధిచేసి, లీటరుకు దాదాపు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపి, మళ్ళీ సముద్రంగా మార్చుకోవాలి. అంటే 60 లీటర్ల చిన్న ట్యాంకుకు రెండు కిలోలకు పైగా ఉప్పు కావాలి. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలపాలి. కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ట్యాంకులో నీరు ఆవిరైపోతుంది కాని ఉప్పు ఆవిరైపోదు. కనుక తరిగిన మేరకు ప్రతిరోజూ మంచినీళ్ళే పోయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కంటికి కనిపించదు. చేప తన మొప్పలద్వారా అమ్మోనియా విడుస్తుంది. సముద్రంలో అది లెక్కలోకి రాదు. గాజుపెట్టెలో అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక రకం నైట్రేటుగాను మార్చాలి. ఆ జీవులు రాళ్ళమీద స్థిరపడడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికీ నైట్రేటు నీటిలోనే మిగులుతుంది గనుక వారంవారం కొంత నీరు తీసి కొత్త నీరు పోయాలి. మూత్రపిండాలు పనిచేయని రోగికి క్రమం తప్పకుండా రక్తం శుద్ధి చేయిస్తాము. ట్యాంకు పుట్టుకనుంచీ అటువంటి రోగి. చిన్నదైతే సులభమనుకోవడం కూడా పొరపాటే. 2008లో తెరిచిన దుబాయ్ మాల్ అక్వేరియంలో దాదాపు కోటి లీటర్ల నీరుంది. అందులో ఒక చేప చస్తే నీటికి ఏమీ కాదు. 60 లీటర్లలో ఒక చేప చచ్చి రాత్రంతా కనబడకపోతే తెల్లవారేసరికి మిగతావాటికీ ప్రమాదమే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఉప్పునీటి ట్యాంకు పెట్టి చూడలేదు.

ఇక ధర్మాధర్మాల మాట. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గోదావరి జిల్లాల మిత్రుడు, చేపకు కూడా ధర్మశాస్త్రమా అని నవ్వవచ్చు. వంజరం వేపుడు తింటూ ట్యాంకులో చేపను గురించి బెంగపడడం ఏమిటని అడగవచ్చు. నా సమాధానం ఇది. చంపి తినడాన్ని గురించిన నీతి వేరు, పెంచడాన్ని గురించిన నీతి వేరు. మాంసం తినే రైతు కూడా తన గాటికి కట్టిన ఆవును పస్తుంచడు. ఊరిమీద తిరిగే ఆవు మేత తానే వెతుక్కోగలదు. మెడకు పలుపు వేసి గుంజకు కట్టిన ఆవు వెతుక్కోలేదు. కట్టినవాడే తెచ్చి వేయాలి. బాధ్యతను పుట్టించేది ప్రేమ కాదు, పలుపు. ట్యాంకులో చేపకు పలుపు ఇంకా బిగువు. దాని మేతే కాదు, దాని నీరు, దాని ఎండ, దాని అలలు కూడా మన చేతిలో ఉన్నాయి. ఒక ప్రాణికి మిగతా దారులన్నీ మనం మూసివేసినప్పుడు, మూసినన్ని దారులకూ మనం జవాబుదారులం.

ఈ సరదాకు చరిత్ర ఉంది. 1846లో అన్నా థిన్ అనే మహిళ ఇంగ్లండులోని టోర్కీ తీరంనుంచి పగడపు జీవులను లండనుకు తెచ్చి బతికించింది. పంపులు లేని రోజులు గనుక, నీటికి గాలి తగలడానికి పనిమనిషి ఆ నీటిని రోజూ ఒక పాత్రనుంచి మరొక పాత్రలోకి పోసేది. 1854లో ఫిలిప్ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ అనే పుస్తకంతో దేశమంతటా ఈ వేడుక వ్యాపించింది. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో రాసిన పుస్తకంలో, తన తండ్రి పుస్తకాలు చదివి వచ్చినవారే తీరంలోని రాతిగుంటలను కొల్లగొట్టారని బాధపడ్డాడు. ఎవరూ సముద్రాన్ని పాడుచేయాలని రాలేదు. ప్రతివారూ ఒక్కటే తీసుకున్నారు. ప్రతివారికీ అది చాలా నచ్చింది. నష్టం అంతా ఆ నచ్చడంనుంచే వచ్చింది.

ఇప్పుడూ అంతే. ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల దగ్గర మాత్రమే సహజంగా ఉండే ఒక చిన్న చారల చేపను, అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడంవల్ల, 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. ఫిలిప్పీన్స్ దీవుల్లో సయనైడు నీటిలో చల్లి చేపలకు మత్తెక్కించి పట్టడం 1960లనుంచీ తెలిసిన సంగతి. మరి అన్ని చేపలూ అలా వచ్చినవే కావు. పిల్లలు అడిగే నారింజ చేపను ట్యాంకుల్లోనే పొదిగి పెంచి అమ్ముతున్నారు. పగడపు జీవిలో కొమ్మ విరిచి నాటితే మరొకటి పెరుగుతుంది, మన మందారంలాగే. సముద్రంనుంచి తీసినది వేరు, మనుషుల చేతుల్లో పెరిగినది వేరు. ఈ భేదం కొనేవాడు అడిగితేనే అమ్మేవాడు చెబుతాడు. స్వదేశంనుంచి తెచ్చుకుందామనే ఆలోచన మాత్రం ఎవరూ చేయవద్దు. దిబ్బలు కట్టే పగడాలు 2001నుంచి భారతదేశపు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక చిక్కు మిగిలిపోతుంది. ఇది తిరిగి ఇవ్వలేని వస్తువు. వద్దనుకుంటే సముద్రంలో వదిలిపెడదామంటే అదీ అపకారమే. 1985లో ఫ్లోరిడా దగ్గర తొలిసారి కనిపించిన సింహచేప, అక్వేరియంలనుంచి బయటపడ్డదే అంటారు, నేడు అట్లాంటిక్ తీరాల్లో స్థానిక చేపలను తినివేస్తున్నది. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో అక్వేరియం పక్కన కనిపించిన నాచు మైళ్ళకొద్దీ పరుచుకున్నది. కాబట్టి తలుపు లోపలికే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక పోలిక చాలామంది నోట వింటున్నాను. మనమూ ట్యాంకులో చేపలమే గదా, ఎ.సి. గదుల్లో, తయారుచేసిన నీటిమీద బతుకుతున్నాము గదా అని. వినడానికి బాగుంటుంది గాని, ఈ పోలిక నాకు నచ్చదు. మనం కోరి వచ్చాము. మన అలమారలో పాస్‌పోర్టు ఉంది. కష్టమైతే విజయవాడకో హైదరాబాదుకో టిక్కెట్టు కొనుక్కోగలము. చేపకు ఆ అవకాశం లేదు. మన దుఃఖాన్ని దానికి అంటగట్టి సానుభూతి పొందడం కన్నా, మనకున్న దారి దానికి లేదని గుర్తించడం న్యాయం.

అసలు మన పరిస్థితే ఈ ప్రశ్నను బరువెక్కిస్తున్నది. నారింజ చేప మంచి సంరక్షణలో పదేళ్ళు దాటి బతుకుతుంది. మన వీసా సాధారణంగా రెండేళ్ళది, అదీ ఉద్యోగంతో ముడిపడ్డది. 2008లో కొత్త కట్టడాల పథకం పేరిట సత్వాలో కొంత భాగాన్ని ఖాళీ చేయించి పడగొట్టినప్పుడు ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకోవలసివచ్చింది. ప్రతి వేసవిలోనూ నెలరోజులు తాళంపెట్టి ఊరికి వెళ్ళేది మనమే. ఎ.సి. ఆగిన ఇంట్లో జూలై వేడికి ట్యాంకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అన్నా థిన్ ఇంట్లోలాగే ఆ పనంతా చివరికి ఇంటి సహాయకురాలి మీదనో, వాచ్‌మన్ మీదనో పడితే, ముచ్చట మనది, బాధ్యత వారిది అవుతుంది.

పిల్లలకు ప్రకృతిమీద ప్రేమ నేర్పడానికే అంటారా, దానికి వేరే దారి ఉంది. మన వాకిట్లోని గల్ఫ్‌లోనే పగడాలున్నాయి. వేసవిలో 35 డిగ్రీలు దాటే వేడిని, మహాసముద్రాలకన్నా ఎక్కువ ఉప్పును తట్టుకుని అవి బతుకుతున్నాయి. 1996, 1998, 2017 సంవత్సరాల్లో ఆ ఓర్పు కూడా చాలక తెల్లబడి పెద్దఎత్తున చనిపోయాయి. ఫుజైరా వైపు అల్ అఖా దగ్గర స్నూపీ దీవికి శనివారమో ఆదివారమో వెళ్ళి, అద్దాలు పెట్టుకుని నీటిలో తల వంచితే పగడాలను వాటి ఇంట్లోనే చూడవచ్చు.

కనుక పెట్టుకోరాదని నేను తీర్పు చెప్పను. మూడు ప్రశ్నలకు ముందు జవాబుండాలంటాను. ఈ ప్రాణి ఎక్కడ పుట్టింది? మనం లేని నెలలో దీనిని చూసేది ఎవరు, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? మనం ఈ దేశం విడిచే రోజున ఇది ఎవరి ఇంటికి వెళుతుంది? మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, మన ముచ్చట ఎంత నిజమైనదైనా, అది మోహమే గాని ప్రేమ కాదు. మా అమ్మాయికి చెప్పినదీ ఇదే. మూడునెలలపాటు చేప లేని ట్యాంకును నీరు, రాళ్ళతో నడిపి, రోజూ ఉప్పు, వేడి కొలిచి పుస్తకంలో రాయాలి. ఆ మూడునెలల్లో పై మూడు ప్రశ్నలకు జవాబులు నేను వెతకాలి. ఎవరి పని పూర్తికాకపోయినా చేప రాదు.

దీనితో ఏకీభవించని సభ్యులు తమ అభిప్రాయాన్ని వచ్చే సంచికకు రాయవలసిందిగా మనవి.