చెట్టా? మనిషా?



సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే జాతీయ రహదారి చెంతనే కాపురముండే మనకు రోడ్డు ప్రమాదమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. పొద్దున మేళ్లచెరువు నుండి కోదాడకు వెళ్లిన మనిషి చీకటిపడినా తిరిగి రాకపోతే ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. కనుక రోడ్డు వెడల్పు చేయమని అడిగేవారిది దురాశ అనలేము. రోడ్డుపక్క చెట్టును కొట్టవద్దనేవారిని పనిలేనివారని ఎగతాళి చేయనూలేము. రెండు న్యాయాలు ఇలా ఎదురుపడినప్పుడు మన మనస్సాక్షి ఎటు నిలవాలి?

చేవెళ్ల సంగతి చూడండి. హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్లే దారిలో అప్పా జంక్షన్ మొదలు మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు. దారి పొడవునా 900కు పైగా పెద్ద మర్రిచెట్లు. నిజాం కాలంలో నాటినవని చెబుతారు. ఇరుకు దారి కావడంతో నాలుగు వరుసల రోడ్డుగా విస్తరించాలని నిర్ణయించారు. చెట్లు పోతాయని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. వాదనలతో ఏళ్లు గడిచాయి. చివరకు 2025 అక్టోబరు నెలాఖరులో పనికి దారి దొరికింది. చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి రోడ్డు వేయాలన్న ఏర్పాటు కుదిరింది.

కొద్ది రోజులైనా కాలేదు. నవంబరు 3వ తేదీ ఉదయం అదే దారిలో, మీర్జాగూడ వద్ద, కంకర లోడుతో వచ్చిన టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది చనిపోయారు.

వెంటనే ఒక మాట పుట్టింది: 'చెట్లకోసం కోర్టుకెక్కినవారే ఈ ప్రాణాలకు బాధ్యులు.' బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాటంటే తలవంచి వినాలి. కాని బయటినుండి చూస్తున్న మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

చెట్లను ఉంచి రోడ్డు వేయడం చివరలో సాధ్యమైనప్పుడు, మొదటే ఎందుకు సాధ్యం కాలేదు? తప్పంతా ఇక్కడే ఉంది. ముందు పటం మీద గీత గీయడం, తరువాత జనాన్ని అడగడం మనకు అలవాటైపోయింది. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' లేఖలో ఈ సంగతే చెప్పారు. ఒక పనివల్ల ప్రకృతికి కలిగే మంచిచెడులను పథకం తయారయ్యాక కాదు, మొదటినుండే విచారించాలని, ఆ చర్చలో స్థానిక ప్రజలకు ప్రత్యేక స్థానముండాలని వారి బోధ.

చెట్ల పక్షాన నిలిచేవారికీ ఒక బాధ్యత ఉన్నది. పని ఆగిన ప్రతి దినమూ ఎవరో ఒకరు ఆ ఇరుకు దారినే ప్రయాణం చేయాలి. 'ఆపండి' అన్న నోటితోనే 'అంతవరకు లారీల వేగం తగ్గించండి, మలుపుల వద్ద దీపాలు పెట్టండి' అని కూడా అడగాలి. అధికారులైనా, కేసు తేలేదాకా ఆగవలసింది విస్తరణ పనేగాని ప్రయాణికుల రక్షణ కాదని గుర్తించాలి.

యోనా ప్రవక్త కథ మీకు తెలిసినదే. నీనెవె నగరంమీద ఎందుకు జాలిపడకూడదని దేవుడు అడిగినప్పుడు అక్కడి జనంతోపాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకొన్నాడు. ఆయన లెక్కలో ఒకదానిని చేర్చడానికి మరొకదానిని కొట్టివేయవలసిన పనిలేదు. చెట్టా, మనిషా అన్న ప్రశ్న మనం ఆలస్యంగా మేల్కొన్నందువల్ల పుట్టినదే.

మన ఊరి పేరులోనే చెరువున్నది. చుట్టూ సిమెంటు కర్మాగారాలు, సున్నపురాయి గనులు ఉన్నాయి. రేపు ఏదో ఒక రోడ్డు ఏదో ఒక చెరువు శిఖంలోంచి పోవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణ అని నోటీసు వచ్చినప్పుడు 'మనకెందుకులే' అని ఇంట్లో కూర్చుంటున్నామా? చదవకుండానే సంతకం పెడుతున్నామా? ఆనాడు లేచి అడిగే ఒక్క ప్రశ్న, తరువాత ఏళ్ల తరబడి నడిచే వ్యాజ్యాన్ని తప్పించవచ్చు. ఒక ప్రాణాన్నీ నిలపవచ్చు.